శేష గరుడులు: స్వభావము - సమర్పణము

శ్రీ వేంకటేశ్వరుడు బ్రహ్మోత్సవముల తొమ్మిది దినములలో మలయప్పస్వామిగా తిరుమాడవీథులకు వేంచేసి భక్తుల ననుగ్రహించుచున్నాడు. మొదటి దినము రాత్రి ఏడు పడగల పెద్దశేషవాహనము. రెండవ దినము ఉదయము ఐదు పడగల చిన్నశేషవాహనము, రాత్రి హంసవాహనము. మూడవ దినము ఉదయము సింహవాహనము. ఐదవ దినము రాత్రి గరుడవాహనము. ఆరవ దినము ఉదయము హనుమద్వాహనము, రాత్రి గజవాహనము. ఎనిమిదవ దినము రాత్రి అశ్వవాహనము. ఈ క్రమమును ఏటేట సేవించు పెద్దలకు ఇందులో వింత కనబడదు. కాని వారి చేయి పట్టుకొని వచ్చిన పసివాడు తప్పక అడుగును: "గరుడుడు పామును తినును గదా! ఆ ఇద్దరును ఒకే స్వామిని ఎట్లు మోయుచున్నారు?" సింహమునకును ఏనుగునకును గల వైరము లోకప్రసిద్ధము. హంస నిదానము గలది. కోతి నిలకడ లేనిది. ఇన్ని విరుద్ధస్వభావములు ఒక్క స్వామి పాదముల క్రింద ఎట్లు పొసగినవి?

ప్రశ్న పసివానిదే కాని, ప్రయోజనము పెద్దలది. ప్రతి గృహములోను ఇట్టి స్వభావములు కలవు. ఒకడు కోపిష్ఠి, ఒకడు నెమ్మదివాడు. ఒకతె మాట తొందర గలది, మరియొకతె ఏమియు పైకి చెప్పనిది. కోపిష్ఠి ఒకనాడు తనను తాను చూచుకొని, "నావంటివానికి భక్తి ఎక్కడిది?" అని పూజాగృహమునకు దూరమగును. మరియొకడు ఎవరేమి చెప్పినను, "నా స్వభావమింతే, దేవుడు నన్నిట్లే పుట్టించినాడు" అని కూర్చుండును. మొదటివానిది నిరాశ, రెండవవానిది సాకు. రెండును స్వామికి దూరము చేయునవే. కావున ఇచ్చట విచారింపవలసిన ధర్మసందేహమిది: భగవత్సేవకై మనుష్యుడు తన స్వభావమును చంపుకొనవలెనా? చంపుకొన నక్కరలేనిచో, దానిని ఉన్నదున్నట్లు ఉంచుకొనవచ్చునా?

వాహనములు కవుల కల్పనలని కొందరందురు. వారితో వాదము ఇచ్చట అనవసరము. ఆ స్వభావములు మాత్రము కల్పనలు కావు. అవి మన ఇండ్లలోనే తిరుగుచున్నవి. వానికి దారి ఏదియో శేషుని చరిత్రమును గరుడుని చరిత్రమును చెప్పుచున్నవి.

ఒక తండ్రి బిడ్డలు

మహాభారతము ఆదిపర్వములోని ఆస్తికోపాఖ్యానము ప్రకారము శేషుడును గరుడుడును అన్యులు కారు. ఇద్దరును కశ్యపప్రజాపతి పుత్రులే. కద్రువ వేయిమంది నాగులను కోరినది. వినత వారికంటె మిన్నయైన ఇద్దరిని కోరినది. కద్రువ అండములు ముందుగా పగిలినవి. వినత ఓర్వలేక తన అండములలో ఒకదానిని చిదిపినది. సగము దేహముతో పుట్టిన అనూరుడు తల్లికి దాస్యము కలుగునని శపించి, రెండవ అండమును ఓపికతో కాపాడుకొమ్మని చెప్పి వెడలిపోయెను. ఆ అంగహీనుడే సూర్యభగవానుని సారథి యయ్యెను. వినత ఉచ్చైఃశ్రవము తోక విషయమున పందెములో ఓడి కద్రువకు దాసి యయ్యెను. పందెము న్యాయముగా జరుగలేదు. కద్రువ ఆజ్ఞచే నాగులు ఆ తెల్లని తోకను నల్లని వెంట్రుకలై పట్టుకొనిరి.

ఇట్టి ఇంటిలో గరుడుడు పుట్టెను. పుట్టుటతోడనే ఆకాశము నిండిన ఆతని తేజస్సును చూచి దేవతలు అగ్నియని భ్రమపడిరి. ఆతని ఆకలి గొప్పది, వేగము గొప్పది, అభిమానము అంతకంటె గొప్పది. తల్లి దాస్యమును విడిపించుటకై నాగులు కోరిన అమృతమును తేబోయి దేవసైన్యమును చెదరగొట్టెను. ఇంతటి ఉగ్రస్వభావములోనే రెండు సున్నితములైన ఘట్టములున్నవి. గజకచ్ఛపములను పట్టుకొని ఆతడు వ్రాలిన కొమ్మ విరుగగా, దానిని పట్టుకొని తలక్రిందులుగా తపస్సు చేయుచున్న వాలఖిల్యులు కనబడిరి. కొమ్మ జారినచో ఋషులు నశింతురని ఆతడు దానిని ముక్కున కఱచుకొని, దిగుటకు చోటు వెదకుచు ఆకాశమున తిరిగెను. ఇది మొదటిది. అమృతకలశము తన చేతిలో నుండగా ఒక్క చుక్కయైనను తాను త్రాగకపోవుట రెండవది.

ఈ రెండవదానిని చూచియే శ్రీమహావిష్ణువు ప్రసన్నుడయ్యెను. బలమును చూచి కాదు, ఆ అలోలత్వమును చూచి. వరము కోరుకొమ్మనగా గరుడుడు తన స్వభావమునకు తగినట్లే, స్వామికంటె పైన నిలుచు స్థానమును, అమృతము త్రాగకయే అమరత్వమును కోరెను. స్వామి ఇచ్చెను. తరువాత గరుడుడు తానును వరమిత్తు ననగా, స్వామి ఆతనిని వాహనముగా కోరెను. ఇట్లు ఆతడు ధ్వజమున స్వామికి పైన నున్నాడు, వాహనమై క్రింద నున్నాడు. బ్రహ్మోత్సవారంభమున గరుడధ్వజ మెగురవేయుటలో మొదటి వరమును, ఐదవనాటి రాత్రి గరుడసేవలో రెండవ వరమును నేటికిని దర్శించుచున్నాము. పైన నిలువవలెనను అభిమానమును స్వామి త్రుంచివేయలేదు. దానికొక స్తంభమును చూపెను.

శేషుని త్రోవ వేరు. ఆతడు కద్రువ పుత్రులలో జ్యేష్ఠుడు. తమ్ముల అసూయను, వినతాసుతునిపై వారికి గల ద్వేషమును సహింపజాలక తల్లిని విడిచి గంధమాదనము, బదరి, గోకర్ణము, పుష్కరము, హిమవంతము మున్నగు చోట్ల తపస్సు చేసెను. బ్రహ్మ ప్రత్యక్షమై కారణ మడుగగా, మరల వారితో కలిసియుండుట ఇష్టములేదనియు, తన బుద్ధి ధర్మమునందే నిలువవలెననియు విన్నవించెను. బ్రహ్మ ఆతనికి వైరాగ్యమును మెచ్చి, కదలాడుచున్న భూమిని నిశ్చలముగా ధరింపుమని ఆజ్ఞాపించెను. భూమి త్రోవ ఇయ్యగా ఆతడు బిలమున ప్రవేశించెను.

ఇచ్చట ఒక క్షణము ఆగవలెను. పాము బిలములో దూరుట సహజము. శేషుడును దూరినది బిలములోనే. ఇతర సర్పములు తల దాచుకొనుటకు దూరును. ఆతడు తలపై భూమిని మోయుటకు దూరెను. చుట్ట చుట్టుకొని కదలక యుండుట పాము అలవాటు. ఆ చుట్టయే పాలసముద్రములో స్వామికి పర్యంకమైనది. స్వభావము మారలేదు, అలవాటు మారలేదు. దానిపై నున్న బరువు మారినది.

ఆ సందర్భముననే వ్యాసభగవానుడు ఒక చిన్న మాట చెప్పినాడు. బ్రహ్మ అనంతునికి వినతాసుతుడైన సుపర్ణుని సఖునిగా ఇచ్చెనట. దాయాదుల పగతో నిండిన ఆ కథలో ఇది సులభముగా కన్నుదాటిపోవు మాట. పసివాని ప్రశ్నకు సమాధానము మాత్రము ఇందులోనే ఉన్నది. శేషగరుడులు శత్రువులై యుండియు ఒకరినొకరు ఓర్చుకొన్నవారు కారు, సఖులుగా ఇయ్యబడినవారు.

తక్కిన నాగులు శేషునికి ఒక తల్లి బిడ్డలే. జాతి ఒకటి, స్వభావ మొకటి. గరుడుడు తెచ్చి దర్భలపై ఉంచిన అమృతమును స్నానము చేసివచ్చి త్రాగుద మనుకొనిరి. ఇంతలో ఇంద్రుడు దానిని హరించెను. ఆశ చావక దర్భలను నాకి నాలుకలు చీల్చుకొనిరి. ఒకే జాతిలో ఒకని పడగలు భూమికి ఆధారమైనవి, తక్కినవారి నాలుకలు చీలినవి. పుట్టుకయే సర్వమును నిర్ణయించునదైనచో ఈ భేదము కలుగదు.

స్వభావము పేరిట అడుగు హక్కు

వాహనమైనంత మాత్రమున గరుడుని స్వభావము అణగిపోయినదా? లేదు. ఉద్యోగపర్వములోని కథ దీనికి సాక్షి. ఇంద్రుని సారథియైన మాతలి తన కుమార్తె గుణకేశికి వరుని వెదకుచు నాగలోకములో సుముఖుడను నాగకుమారుని మెచ్చుకొనెను. గరుడు డంతకుముందే సుముఖుని తండ్రిని తినెను. సుముఖుని కూడ తినుదునని చెప్పి పోయెను. మాతలి ఇంద్రుని కడకు పోగా, విష్ణుసన్నిధిని ఇంద్రుడు సుముఖునికి దీర్ఘాయువు నొసగెను. గరుడునికి కోపము వచ్చెను. నాగులు తనకు ఆహారమని పూర్వము ఇంద్రుడే వరమిచ్చెను గదా! నోటి కూడు తీసివేసినచో తానును తన పరివారమును ఎట్లు బ్రదుకవలెనని ఇంద్రునితో వాదించి, విష్ణువును చూచి, "నిన్ను రెక్కపై శ్రమలేక మోయుచున్న నాకంటె బలవంతు డెవడు?" అను భావమున పలికెను. స్వామి నవ్వి తన కుడిచేతిని మాత్రము ఆతని భుజముపై ఉంచెను. ఆ ఒక్క చేతి బరువునకే గరుడుడు ఈకలు రాలి కూలబడెను. తన్ను తానును, గరుడునికూడ మోయుచున్నవాడు తానేయని స్వామి తెలియజేసెను.

ఈ కథను గర్వభంగకథగా మాత్రమే చెప్పుకొనుట వాడుక. ఇందులో మరియొక సూక్ష్మమున్నది. గరుడుని వాదము వట్టి గర్వము కాదు. అందులో న్యాయము కూడ కలదు. ఆకలి ఆతని స్వభావము, నాగులు ఆతనికి ఇయ్యబడిన ఆహారము, మోసిన మాట నిజము. స్వామి ఆతని రెక్కలను తీసికొనలేదు, వేగమును తీసికొనలేదు, ఆకలిని తీసికొనలేదు. "ఇంత మోసితిని, కావున ఇది నాది" అను లెక్కను మాత్రము తీసికొనెను. తీసికొని ఊరకుండక, ఆ సుముఖునే కాలివ్రేలితో ఎత్తి గరుడుని వక్షస్థలమున ఉంచెను. నాటినుండి గరుడుడు ఆ సర్పముతో కలిసి యున్నాడని భారతము చెప్పుచున్నది. గరుడధ్యానములలో వాసుకి యజ్ఞోపవీతముగను, తక్షకుడు కటిసూత్రముగను, కర్కోటకుడు హారముగను వర్ణింపబడిరి. ఆహారము కావలసినది ఆభరణమైనది.

స్వభావమును విడువ నక్కరలేదు. స్వభావము పేరిట అడుగు హక్కును విడువవలెను. శేషగరుడుల చరిత్ర సారమిదియే.

కౌరవసభలో ఈ కథను కణ్వమహర్షి దుర్యోధనునికి చెప్పెను. విన్నవాడు ఏమి చేసెను? తొడ చరచుకొని నవ్వి, ఈశ్వరుడు తన్ను ఎట్లు సృజించెనో తానట్లే ప్రవర్తించుచున్నాననియు, ఈ మాటలవలన ప్రయోజనము లేదనియు చెప్పెను. "నా స్వభావమింతే" అను సాకు ఎంత ప్రాచీనమైనదో, అది ఎవరి నోటినుండి వెలువడినదో గమనింపదగును. గరుడుడును దుర్యోధనుడును ఇద్దరును అభిమానధనులే. ఒకడు చేతి బరువు తెలిసినంతనే తల వంచెను. రెండవవాడు మహర్షి మాటకు తొడ చరచెను. ఆ తొడకు పట్టిన గతి అందరికిని తెలిసినదే.

కోతి చేష్ట, కోపపు మాట

ఇట్లైనచో చాపల్యము, కోపము మున్నగునవి దోషములు కావా? స్వామి పని పేరు చెప్పి ఎవరెట్లైనను ఉండవచ్చునా? అని సందేహము కలుగును. దీనికి శ్రీమద్రామాయణము సమాధానము.

హనుమంతుడు బాల్యమున సూర్యుని పండనుకొని పైకెగిరెను. అది చాపల్యము. పెద్దవాడై సీతాన్వేషణకు సముద్రముపై ఎగిరెను. ఎగురుట ఒక్కటియే; మొదట ఎగిరినది తన ఆకలికి, తరువాత ఎగిరినది రామకార్యమునకు. లంకలో రావణాంతఃపురమున మండోదరిని చూచి సీతయని భ్రమించి, ఆనందము పట్టలేక తోకను ముద్దిడుకొని స్తంభము లెక్కి దిగెననియు, కపిస్వభావమును కనబరచెననియు వాల్మీకి దాచక చెప్పెను. కాని మరుక్షణమే ఆతడు ఆలోచించెను: రాముని ఎడబాసిన సీత నిద్రించునా, అలంకరించుకొనునా, పానము చేయునా? ఈమె వేరొకతె. స్వభావము ముందు గంతు వేసినది. వివేకము వెంటనే వచ్చి దాని చేయి పట్టుకొన్నది. స్వభావము కనబడుట దోషము కాదు. తుదినిర్ణయము దానికి విడుచుటయే దోషము.

తిరిగివచ్చునపుడు వానరులు మధువనమున చేసిన అల్లరి ఇట్టిదే. కావలివాని మొర విని సుగ్రీవుడు ఆగ్రహింపలేదు. కార్యము సాధింపనివారు ఇంత ధైర్యము చేయరు, కావున సీత కనబడియుండు నని సంతోషించెను. వారి అల్లరి పని ముగించిన తరువాతి అల్లరి. పనికి బదులుగా చేసిన అల్లరి కాదు.

కోపము మాట కూడ చూడవలెను. శేషాంశముగా పెద్దలు కొనియాడు లక్ష్మణుడు చిత్రకూటమున సేనతో వచ్చుచున్న భరతుని చూచి మండిపడెను, చంపుదు ననెను. ఆ కోపము తనకొరకు కాదు, రామునికొరకే. అయినను అది పొరపాటే. భరతుని హృదయము రామునికి తెలియును. ఆయన మందలించినంతనే లక్ష్మణుడు సిగ్గుతో తనలో తాను ముడుచుకొనిపోయెను. స్వామిపేరిట కోపించువారందరును ఈ ఘట్టమును మరువరాదు. "నాకొరకు కాదు, దేవునికొరకే కోపించుచున్నాను" అనుటతో కోపము పవిత్రము కాజాలదు. ఒక్క మాటతో అది దిగునా, దిగదా అన్నదే పరీక్ష.

గీతాచార్యుడు మూడవ అధ్యాయములో ఈ రెండు అంశములను వరుసగా రెండు శ్లోకములలో చెప్పినాడు. జ్ఞానవంతుడును తన ప్రకృతి ననుసరించియే నడచునని, వట్టి నిగ్రహమువలన ఏమగునని 33వ శ్లోకము. ఇంద్రియవిషయములందు రాగద్వేషములు నెలకొని యున్నవి, వానికి లోబడరాదని 34వ శ్లోకము. మొదటిది నిరాశ చెందినవానికి ఊరట, రెండవది సాకు చెప్పువానికి కట్టడి. ఒకదానిని చదివి మరియొకదానిని వదలుట తగదు.

సఖ్యము

స్వభావము సమర్పితమైనదో లేదో తెలియుటకు రెండు గుర్తులు కలవు. అది ఎవరి బరువును మోయుచున్నది? ఇది మొదటిది. తనకు విరుద్ధమైన స్వభావమును ప్రక్కన నిలువనిచ్చుచున్నదా? ఇది రెండవది. మొదటిదానికంటె రెండవదియే కష్టము. స్వామికై దినమెల్ల శ్రమించి, ప్రక్క భక్తుని తీరు నోర్వలేనివారు అనేకులు. ఇంటిలో అత్తగారు బ్రాహ్మీముహూర్తమున లేచి తులసికోట కడిగి పూజకు కూర్చుండును. కోడలు వంట ముగించి, పిల్లలను బడికి పంపి, తడి చేతులతో వచ్చి ఒక్క నమస్కారము చేయును. ఒకరి నిదానము మరియొకరికి జాగు, ఒకరి వేగము మరియొకరికి అశ్రద్ధ. ఇద్దరి సేవయు ఒకే స్వామికి చేరుచున్నదను మాట ఇద్దరును మరతురు.

యుద్ధకాండములో రామలక్ష్మణులు ఇంద్రజిత్తు నాగాస్త్రములచే బంధితులై పడియుండగా గరుడుడు వచ్చెను. ఆతని రాకతోనే సర్పములు పారిపోయెను. ఆతడు ఇరువురి ముఖములను చేతులతో తడిమెను; గాయములు మానెను, బలము ఇనుమడించెను. శేషాంశ సంభూతుడైన లక్ష్మణుని సర్పబంధమునుండి విడిపించినవాడు సర్పవైరియైన గరుడుడే. "నీ వెవడవు?" అని రాముడడుగగా, తాను సఖుడననియు, బయట సంచరించు ప్రాణమువంటి వాడననియు చెప్పి, ఈ సఖ్యమునుగూర్చి ఇప్పుడు కుతూహలము వలదని సెలవు తీసికొనెను. సుముఖుని కథలో లెక్క చెప్పిన గరుడుడు ఇచ్చట ఏ లెక్కయు చెప్పలేదు. చేయవలసినది చేసి ఎగిరిపోయెను.

యామునాచార్యులవారు స్తోత్రరత్నములో శేషుని కైంకర్యములను ఒక శ్లోకమున, గరుడుని కైంకర్యములను దాని వెంటనే మరియొక శ్లోకమున కీర్తించిరి. ఒకడు కదలక సేవించువాడు, ఒకడు కదలుచు సేవించువాడు. స్వామికి శయనించుటకు శేషుడు కావలెను; ఏనుగు మొర విని పరుగెత్తుటకు గరుడుడు కావలెను. శేషుని ఎగురుమనుటయు, గరుడుని పరుండుమనుటయు రెండును అపచారములే. సప్తగిరులలో శేషాద్రియు గరుడాద్రియు రెండును కలవు. ఒకదాని హద్దు ఎచ్చట ముగిసి మరియొకదాని హద్దు ఎచ్చట మొదలగునో కొండ నెక్కు యాత్రికునికి తెలియదు. ఆతనికి తెలిసినది ఒక్కటే, అన్నియు కలిసి స్వామికి పీఠమైనవని.

గరుడసేవనాడు భక్తుల కన్నులన్నియు స్వామిపై, బంగరు గరుడునిపై నిలుచును. ఆ గరుడుని మోయువారు మనుష్యులు. వారిలో పొడవరు లున్నారు, పొట్టివా రున్నారు. వడిగా నడచువారున్నారు, నెమ్మదిగా నడచువారున్నారు. పొడవరి తన ఎత్తును కోసికొనడు. మోకా లించుక వంచును. వడిగలవాడు కాళ్లను మార్చుకొనడు. అడుగును ప్రక్కవాని అడుగుతో కలుపును. స్వామి ఒరగకుండుటకు అంత చాలును. గృహములలో ఆ పాటి వంగుట, ఆ పాటి అడుగు కలుపుట అలవడునట్లు శ్రీనివాసుడు అందరి ననుగ్రహించుగాక!